పచ్చనీళ్ళ తోడు

ఇందుమతి సీసా ఎత్తి కిటికీ వెలుగులో చూసింది. పొద్దున ఆకుపచ్చగా ఉన్న నీళ్ళు సాయంత్రానికి తేటపడిపోయాయి. పాచంతా చచ్చి అడుగున పేరుకుంది. ఆఫీసు నుంచి వచ్చి ఇంకా మొహమైనా కడుక్కోలేదు. "ఇదీ పోయిందా," అని గోడతో చెప్పుకుంది.

కాలువల్లో చేపలు కనుమరుగయ్యాక భీమవరంలో ఇంటికో చేప జాతిని పెంచమని అప్పగించారు. ఇందుమతి వంతుకు పరిగెలనే చిన్న చేపలు వచ్చాయి. ఊరు మొత్తానికి మిగిలిన పరిగెలు ఈ ఇంట్లోవే. మొన్న గుడ్లు పగిలి వచ్చిన పిల్లలు దారప్పోగుల్లా ఉన్నాయి. పాచి పెరిగిన ఈ పచ్చనీళ్ళు తప్ప మరేదీ వాటి నోట పట్టదు. ఈ పూట మేత పడకపోతే తెల్లారేసరికి ఉండవు.

పెరుగుకు తోడు అడిగినట్టే, గ్లాసు పట్టుకుని, తనలాగే పచ్చనీళ్ళు పెంచే ఎదురు ఫ్లాటు మంగతాయారు గారి తలుపు కొట్టింది.

"పిన్నిగారూ, కాస్త పచ్చనీళ్ళు తోడుకి పోస్తారా?"

లోపల అప్పుడే దీపం వెలిగించారు. ఆవిడ గ్లాసు వంక చూసి, "దీపాలు పెట్టాక తోడు గడప దాటించకూడదమ్మా. మా అత్తగారి నాటి నుంచీ ఇంతే," అంది.

ఇందుమతికి వాదించే ఓపిక లేదు. వెనక్కి తిరిగింది.

"ఎక్కడికి పోతావ్? తోడు బయటికి పంపనన్నాను గానీ, నీ పిల్లల్ని లోపలికి రావద్దన్నానా? తీసుకురా."

పిల్లల్ని తెచ్చిన గిన్నెలో పచ్చనీళ్ళు పడ్డాక వాటి పొట్టలు ఒక్కొక్కటే ఆకుపచ్చగా నిండుతుంటే, ఇందుమతి గోడకి జారగిలబడి చూస్తూ ఉండిపోయింది.

"మరి నువ్వెప్పుడు తిన్నావే?" అని ఆవిడ అడిగింది.

ఇందుమతి ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.