రెండో పిలుపు

"చూసుకోండమ్మా. ఉలి దెబ్బ పడ్డాక దిద్దడానికి కుదరదు," అన్నాడు రాతిపనివాడు.

నల్లరాతి మీద సుద్దతో ఆమె భర్త పేరు రాసి ఉంది. ఆ తెల్లటి అక్షరాలు తననే చూస్తున్నట్టు అనిపించింది ఆమెకు. చెక్కమనలేదు. వద్దనీ అనలేదు.

"అక్షరాలు బాగానే ఉన్నాయి కదమ్మా," అన్నాడు కొడుకు.

"అక్షరాల మాట కాదురా."

"మరి?"

కొడుకు మెడ ఒక పక్కకు వాల్చి నిలబడ్డాడు. అచ్చం తండ్రి పోలిక. వాడి ముఖం చూస్తూ అసలు సంగతి ఎలా చెప్పడం?

పేరు కింద ఒక వాక్యం చెక్కించాలని పిల్లల కోరిక. ఏం రాయించాలో వాళ్లకు తేలడం లేదు. ఒక్క వాక్యంలో ఇమిడే మనిషా ఆయన? ఎడారిలో లారీ తోలాడు. ఓడ అడుగున ఇంజను గదిలో ఒళ్లంతా మసి చేసుకున్నాడు. మంచుకొండల దారిలో తెగబోయే తాడుకు వేలాడి బతికాడు. చివరికి ఈ ఊరు చేరి, గడియారాలు బాగుచేసే కొట్టు పెట్టి, ఇద్దరినీ చదివించాడు.

"'రెండుసార్లు పిలవండి, పలుకుతాడు' అని చెక్కిద్దామా?" అంది కూతురు, కళ్లు తుడుచుకుంటూనే.

అన్న నవ్వేశాడు. నిజమే. పేరుపెట్టి ఎవరు పిలిచినా ఆయన మొదటిసారి తల తిప్పేవాడు కాదు. ఆ పిలుపు ఇంకెవరిదో అన్నట్టు ఉండిపోయేవాడు. రెండోసారికి ఉలిక్కిపడి "ఆఁ, నేనే" అనేవాడు. ఇంజను మోతకు చెవులు పోయాయని అందరూ అనుకునేవారు. గడియారం ముల్లు తడబడితే మాత్రం పక్క గదిలోంచే పసిగట్టేవాడు.

"పడవ సంగతి రాయిద్దాం. ఈలపిట్టనీ తలుచుకున్నట్టుంటుంది," అన్నాడు కొడుకు.

తండ్రి చెప్పిన కథలన్నిటిలోనూ ఉండే స్నేహితుడు ఈలపిట్ట. పొద్దస్తమానం ఈల వేసేవాడని ఆ పేరు. ఈ దేశానికి వచ్చే దారిలో ఒక అల మగవాళ్లిద్దరినీ పడవలోంచి లాగేసింది. ఒక్కడే పైకి తేలాడు. కొడుకు అప్పటికి ఆమె ఒళ్లో పసిగుడ్డు.

"పాపం, అతను బతికినా ఒడ్డున దిగనిచ్చేవాళ్లు కాదు. కాగితాలు మన ముగ్గురికే కదా ఉన్నది," అన్నాడు కొడుకు.

కూతురు రాతి చుట్టూ తిరుగుతూ, ధ్యాస లేకుండా సన్నగా ఈల అందుకుంది.

"సమాధి రాయి దగ్గర ఈలేంటే? మన ఇంటా వంటా లేని విద్య నీకెక్కడ అబ్బిందో," అని కసిరాడు అన్న.

తల్లి కూతురి వైపు చూసింది. తర్వాత రాతిపనివాడి వైపు తిరిగింది.

"ఆ పేరే చెక్కండి. కింద వాక్యం వద్దు. మూలన ఒక చిన్న పిట్టను వేయండి."

"మంచి పని చేశావమ్మా. నీళ్లలో పోయినవాడికి రాయి ఎవరు పెడతారు?" అన్నాడు కొడుకు.

"అవున్రా. అతనికీ ఉండాలిగా ఒక రాయి."

ఉలి పడింది. మొదటి అక్షరం పొడి రాల్చుకుంటూ లేచింది. పిల్లలు నీడలోకి వెళ్లాక ఆమె వంగి, రాతికి మాత్రమే వినబడేలా పిలిచింది.

"ఈలపిట్టా."

గది తలుపు మూసుకున్నాక ఆమె ఆ పేరుతో పిలిస్తే, ఇన్నేళ్లూ, ఆయన మొదటి పిలుపుకే పలికేవాడు.