తువ్వాలు కింద ఇరవై ఏడు

"నా ఒంట్ల ఏ ఎముకా దాసుకోలే బిడ్డా. అన్నీ బయటికే కనవడ్తయి. ఇంతకన్నా మంచి శాంపిల్ నీకు యాడ దొరుకతది?" అన్నాడు ఓంప్రకాష్, బనీను మీద చొక్కా వేసుకుంటూ.

మనవరాలు నిహారిక ఫిజియోథెరపీ చదువుతోంది. ఆ రోజు అస్థిపంజరం మీద ప్రాక్టికల్ పరీక్ష. ఎవరి మనిషిని వాళ్ళే తెచ్చుకోవాలి. ఆ మనిషి ఒంటిని తడిమి ఏ ఎముక ఎక్కడుందో చూపించాలి, అడిగినవాటికి జవాబు చెప్పాలి. వస్తానన్న స్నేహితురాలు దీపకు జ్వరం.

నిహారిక ఇదివరకే రెండుసార్లు తప్పింది. చదవక కాదు, ఎగ్జామినర్ ముఖం చూడగానే నోరు పెగలదు. ఈసారీ తప్పితే చదువు మాన్పిస్తానని వాళ్ళ నాన్న తేల్చి చెప్పేశాడు.

ఓంప్రకాష్ ఊరికే బయల్దేరే మనిషి కాదు. సూర్యాపేట మార్కెట్లో దుకాణం పెట్టి నలభై ఏళ్ళు ధాన్యం కొన్నాడు. ఆ రోజుల్లో బేరం నోటితో కాదు, తువ్వాలు కింద చేతులతో. వేలు పట్టుకుంటే పది. గణుపు నొక్కితే ఒకటి. పక్కనున్నవాడికి వాసన కూడా తగిలేది కాదు. ఇప్పుడు ధర కంప్యూటర్ చెబుతోంది. ఆ విద్య మాత్రం అమ్ముడుపోని సరుకులా ఆయన వేళ్ళలో మిగిలిపోయింది. తనతోనే పోకూడదని ఇంట్లో తరవాతి తరానికి నేర్పాడు కూడా.

రెండు నెలలుగా నిహారిక పైకి చదువుతుంటే, వింటూ ఎముకల సరుకంతా లెక్క కట్టుకున్నాడు. మొత్తం రెండు వందల ఆరు. ఆయన దృష్టిలో పుర్రె ఇనప్పెట్టె, పక్కటెముకలు షట్టరు, మూలుగ రక్తం ఆడించే మిల్లు.

మిర్యాలగూడ బస్సులో మనవరాలి చెవిలో అన్నాడు.

"తువ్వాలు కింద లెక్క యాదికున్నది గదా?"

"ఊఁ" అంది నిహారిక, పుస్తకంలోంచి తల ఎత్తకుండా.

పరీక్ష గదిలో ఎగ్జామినర్ మహిపాల్. నవ్వు ఖర్చు పెట్టని మనిషి. ఓంప్రకాష్ బల్ల మీద కూర్చుని, మనవరాలి ఎడమ చేతిని తన చేతుల్లోకి తీసుకుని పైన తువ్వాలు కప్పాడు.

"అదేంటి పెద్దాయనా?"

"ముసలి పానం సారూ. పట్టుకోకుంటే కండ్లు తిరుగుతయ్."

మహిపాల్ వదిలేశాడు. "పుర్రెలో ఎముకలెన్నమ్మా?"

నిహారిక చూపు ఎగ్జామినర్ బూట్ల మీదికి దిగింది.

ఓంప్రకాష్ రెండు వేళ్ళు పట్టుకున్నాడు. రెండు గణుపులు నొక్కాడు. నిహారిక చటుక్కున తాత ముఖంలోకి చూసింది. ఆయన చేతిని గట్టిగా పట్టుకుంది. సరుకు ముట్టింది, అనుకున్నాడాయన.

"ఇరవై రెండు సార్."

"పక్కటెముకలు?"

రెండు వేళ్ళు, నాలుగు గణుపులు. నిహారిక కుడిచేత్తో తాత ఛాతీ తడిమి చూపించింది. "ఇరవై నాలుగు సార్. పన్నెండు జతలు. గుండెకూ ఊపిరితిత్తులకూ ఇవే కాపలా."

"ఒక చేతిలో? మణికట్టు నుంచి వేళ్ళ కొసల దాకా."

రెండు వేళ్ళు పట్టి గణుపులు మొదలుపెట్టాడు. నాలుగో నొక్కు పడకముందే జవాబు వచ్చేసింది. "ఇరవై ఏడు."

పిల్ల చురుకు, అనుకున్నాడు.

"వెన్నుపూసలు?"

మూడు వేళ్ళు, మూడు గణుపులు.

"పెద్దవాళ్ళలో ఇరవై ఆరు సార్."

ఓంప్రకాష్ లెక్క చూసుకున్నాడు. ఏకంగా ఏడు ఎముకల తరుగు! మళ్ళీ మూడు వేళ్ళు గట్టిగా నొక్కాడు.

"చిన్నప్పుడు ముప్పై మూడు. పెద్దయ్యేసరికి కింది తొమ్మిదీ అతుక్కుని రెండవుతాయి" అంది నిహారిక తడబడకుండా. మహిపాల్ తలూపాడు.

ఆ పాఠం చదివిన పూట తను ఫోన్లో ఉండి ఉంటాడు, అనుకున్నాడు ఓంప్రకాష్. పోనీలే, తాత పొరపాటును మనవరాలు సర్దుకుంది. వ్యాపారి రక్తం.

"సరే, మనిషిని నిలబెట్టడం కాక ఎముకలు ఇంకేం చేస్తాయి?"

ఓంప్రకాష్‌కు దారి కనపడలేదు. పనుల పేర్లు వేళ్ళతో చెప్పే విద్య ఏ మార్కెట్లోనూ లేదు. చేతనైనంత సాయంగా నాలుగు గణుపులు నొక్కి దేవుడి మీద భారం వేశాడు.

"లోపలి అవయవాలను కాపాడతాయి సార్. కండరాలు లాగితే కదలికనిస్తాయి. మూలుగలో రక్తకణాలు తయారవుతాయి. కాల్షియం నిల్వ ఉంటుంది."

సరిగ్గా నాలుగు!

మహిపాల్ మొదటిసారి నవ్వాడు. "మార్కులు చెప్పకూడదు. కానీ మళ్ళీ ఈ పరీక్షకు రానక్కర్లేదమ్మా."

బస్టాండులో మిరపకాయ బజ్జీలు కొన్నాడు ఓంప్రకాష్. కోదాడలో రైస్ మిల్లు చూసుకునే మనవడు, నిహారిక అన్న అక్షయ్‌కి ఫోన్ చేసి, తాత విద్య ఇంకా చెల్లుబాటవుతోందని గొప్పగా చెప్పాడు. ఫోన్ పెట్టేసి వాటా తేల్చాడు.

"ఇగో బిడ్డా, ఈ పాసుల సగం నాది. ఒక్కొక్క లెక్క నీ వేళ్ళ మీద నొక్కీ నొక్కీ నా చేతులు గుంజుతున్నయ్."

నిహారిక కొరకబోయిన బజ్జీని ఆపేసింది.

"అయ్యో తాతా, నువ్వు భయంతోని వణుకుతున్నవనుకుని నీకోసమే ధైర్యం తెచ్చుకున్న, ఆ లెక్క నువ్వు నేర్పింది అన్నకు గదా, ఆడపిల్లనని నన్ను దుకాణం మెట్టెక్కనిచ్చినవా ఎన్నడన్న?"