రెండో గిన్నె

"రెండో గిన్నె ఎవరికే?"

గరిటె గాల్లోనే ఆపి అడిగింది జిజెల్.

వరుసలో ఉన్న ఇథియోపియా పిల్ల రెండు చేతులూ ముందుకు చాపింది. ఆమె ఒక చేతిలో ప్లాస్టిక్ డబ్బా, రెండో చేతిలో బంగారు అంచు పింగాణీ గిన్నె ఉన్నాయి.

బీరుట్‌లో సిస్టర్ల బడి వెనక పెరడు అది. బ్యాంకులు జనం డబ్బు మింగి కూర్చున్నప్పటినుంచి సిస్టర్ క్లెమాంస్ అక్కడ రోజూ మధ్యాహ్నం పప్పూ బియ్యం కలిపి ముజద్దరా వండి పెడుతోంది. ఎవరు గిన్నె చాపినా నింపడమే ఆమె పని. ఎవరికని, ఎందుకని ఏనాడూ అడిగి ఎరగదు.

పోయిన వారం ఆమె కాలు జారి తుంటి విరగ్గొట్టుకుంది. గరిటె పూర్వ విద్యార్థినుల సంఘం చేతికొచ్చింది. అంటే అధ్యక్షురాలు జిజెల్ చేతికి.

సరుకులు సిస్టర్లవి, పొయ్యి సిస్టర్లది, గోడమీద బ్యానరు మాత్రం సంఘానిది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు. ఫొటోలు తీసినంతసేపూ జిజెల్ బీదవాళ్లని చూసి నవ్వింది. తరవాత దవడలు నొప్పి పుట్టాయి కాబోలు, మానేసింది.

"నిన్నే. చెవుడా?"

"ఇంట్లో ఇంకొకరున్నారు మేడమ్. పెద్దామె. మెట్లు దిగలేదు."

జిజెల్ గిన్నె లాక్కుని తిప్పి చూసింది.

"చూశావటే నజ్లా? ఫ్రెంచి పింగాణీ! మా అత్తగారింట్లో కూడా లేదిలాంటిది."

కోశాధికారి నజ్లా ముక్కున వేలేసుకుంది.

"పనిమనిషిని పెట్టుకునే స్తోమతుంది, ఉచితం కూడు కావాలి! సిగ్గుండక్కర్లా?"

"తనొచ్చి నిలబడితే పరువు పోదూ? అందుకే దీన్ని తోలింది. ఏమే, మీ మేడమ్ పేరేంటి?"

"చెప్పలేను మేడమ్. చెప్పనని మాటిచ్చాను."

"అబ్బో! వీళ్లకి మాటలూ, ఒట్లూ కూడానా!"

వరుసలో ఎవరో నవ్వారు. ఆ పిల్ల పేరు జెనెత్. అడిగినవాళ్లు లేరు కనక అక్కడెవరికీ తెలీదు.

"సిస్టర్ రోజూ పెట్టేవారు మేడమ్."

"సిస్టర్‌ది వెర్రి మంచితనం. నేను సిస్టర్‌ని కాను."

అది మాత్రం నిజమే.

డబ్బా నిండింది. పింగాణీ గిన్నె ఖాళీగా తిరిగొచ్చింది.

జెనెత్ గోడవారకి వెళ్లి, డబ్బాలోంచి సగానికి పైగా గిన్నెలో వేసుకుని, పైన మూత పెట్టుకుని వెళ్లిపోయింది.

మర్నాడూ రెండు గిన్నెలతోనే వచ్చింది. ఆ మర్నాడూ అంతే. అడగడం, లేదనిపించుకోవడం, సగం చేసుకోవడం.

జిజెల్‌కి ఒళ్లు మండింది. తిట్టినా మొహం మాడ్చుకోని పనిమనిషిని ఆమె ఇంతవరకూ చూడలేదు.

"రేపు మీ మేడమ్‌ని రమ్మంటావా, నీ కాగితాలు చూపిస్తావా?"

"కాగితాలు లేవు మేడమ్. పాత యజమాని నా పాస్‌పోర్టు పట్టుకుని దేశం వదిలిపోయాడు."

"అయితే ఇంకా మంచిది," అంటూ జిజెల్ ఫోను తీసింది.

ఇద్దరు పోలీసులు వచ్చారు. అప్పుడు మొదటిసారి జెనెత్ బతిమాలింది.

"మేడమ్, నన్ను తీసుకుపోతే పోనివ్వండి. ఈ గిన్నె మాత్రం ఆమెకి పంపండి. పొద్దుట్నుంచి ఏమీ తినలేదు. ఇల్లు చెబుతాను. పేరు అడక్కండి. గుమ్మంలో పెట్టి, తలుపు తట్టి వచ్చేస్తే చాలు."

"ఆకలేస్తే మీ మేడమ్ తనే దిగొస్తుందిలే," అంది జిజెల్.

నజ్లా పగలబడి నవ్వింది.

జిజెల్ అన్నట్టే మర్నాడు మధ్యాహ్నం ఆమె దిగొచ్చింది.

గోడ పట్టుకుని, అడుగడుక్కీ ఆగుతూ ఒక ముసలామె పెరట్లోకి వచ్చింది. పాతబడినా ఇస్త్రీ చెడని కోటు వేసుకుంది. చేతిలో గిన్నె లేదు.

"మద్మజెల్ ఇవోన్!"

జిజెల్ గరిటె వదిలేసి పరుగెత్తింది. ఆ బడిలో తనకీ నజ్లాకీ వేళ్లు పట్టుకుని అక్షరాలు దిద్దించిన టీచరు; మద్మజెల్ అనే పిలిచేవారు పిల్లలంతా. రిటైరయ్యాక ఎక్కడుందో, ఎలా ఉందో సంఘంలో ఒక్కరూ వాకబు చెయ్యలేదు.

"ఒసే నజ్లా, కుర్చీ తే! మద్మజెల్, ఒక ఫొటో..."

"కూర్చోడానికి రాలేదు జిజెల్. జెనెత్ నిన్న ఇక్కడికి వచ్చింది. ఇంటికి రాలేదు."

"జెనెత్ అంటే..."

"రెండు గిన్నెలు తెచ్చే పిల్ల."

జిజెల్ మొహం పాలిపోయింది.

"ఆమె మీ మనిషని చెప్పలేదు మద్మజెల్! మీ పేరు అంటే చాలు, నేను..."

"చెప్పొద్దని నేనే ఒట్టేయించుకున్నాను. నా చేతికింద చదివిన పిల్లల ముందు గిన్నె చాపలేకపోయాను. నా పరువు కోసం అది నోరు మూసుకుంది. ఏదమ్మా అది?"

జిజెల్ పోలీసులకి ఫోను చేసింది. అవతలి గొంతు విసుగ్గా పలికింది.

"మా చేతులు దాటిపోయింది మేడమ్. విదేశీయుల జైలుకి పంపేశాం. ఇంక ఎవరు చెప్పినా ఆగదు, విమానం ఎక్కించేస్తారు."

ముసలామె గోడకి ఆనుకుంది. జిజెల్ ఆమె చెయ్యి పట్టుకుంది. కళ్లనీళ్లు కూడా పెట్టుకుంది, అవి ఆమెకి ఎప్పుడూ చవకే.

"బాధపడకండి మద్మజెల్. మీకు ఇంకో పనిమనిషిని నేను చూసిపెడతాను. జీతం సంఘం ఇస్తుంది."

ముసలామె తన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"పనిమనిషేమిటి జిజెల్? సిస్టర్ క్లెమాంస్ ఆదివారాలు నడిపిన బడిలో అదీ నా దగ్గర చదువుకున్న పిల్లే. ఇంటివాడు నన్ను వీధిలోకి గెంటాక, రెండేళ్లుగా నేను తలదాచుకున్నది ఆ పిల్ల గదిలోనే."