రెండు కార్డుల కంప్యూటర్

సంగారెడ్డి బస్టాండు ఎదురుగా ఉన్న ఆ కంప్యూటర్ దుకాణానికి నాగయ్య రావడం ఆ వారంలో ఇది మూడోసారి. మొదటి రెండుసార్లూ రోడ్డు అవతలి నుంచే తిరిగి వెళ్లిపోయాడు. "దుకానం బందుండె" అని భార్య ఆగమ్మకు అబద్ధం చెప్పాడు.

ఈసారి ఫ్యాక్టరీకి సెలవు పెట్టి మరీ వచ్చాడు. ఇరవై రెండేళ్లుగా జిన్నారంలో బాయిలర్ ముందు నిలబడ్డ మనిషికి ఆ అద్దాల తలుపు నెట్టేసరికి చెమటలు పట్టాయి.

"ఏం కావాలె కాకా?" అన్నాడు సేటు.

"కంప్యూటర్. ఆటలాడేది."

సేటు మొహం వెలిగింది. రెండువేల ఎనిమిదిలో అలాంటివి అడిగి కొనేవాళ్లు నెలకొకరు వస్తే గొప్ప. "యాదగిరీ! జెర కాకాకు చూపెట్టు," అని లోపలికి కేకేశాడు. "మూడు నెలలైంది నా దగ్గర చేరి. పనిల దిట్ట."

లోపల నేలమీద కూర్చుని ఏదో విప్పుతున్న యువకుడు లేచి వచ్చాడు. పాతికేళ్లుంటాయి. నాగయ్యను చూసి, కౌంటర్ మీద ఉన్న డబ్బాలు సర్దడం మొదలుపెట్టాడు.

"చెప్పండి సార్."

"నన్ను సార్ అనకు."

"దుకాన్లకు వచ్చినోళ్లందర్నీ గట్లనే అంటం."

నాగయ్య కౌంటర్ ముందున్న స్టూలు మీద కూర్చున్నాడు.

యాదగిరి రెండు రకాల డబ్బాలు తెచ్చి ముందు పెట్టాడు. తెర మీద బొమ్మలు జోరుగా కదలాలంటే గ్రాఫిక్స్ కార్డు ఉండాలని, ఆటల కంప్యూటర్‌కు అదే ప్రాణమని చెప్పాడు. పెద్ద కార్డు ఒకటి పెట్టుకోవచ్చు. లేదంటే చిన్నవి రెండు జత చెయ్యొచ్చు.

"ఏది మంచిది?"

"ఒకటే మంచిది. రెండు పెడితే రెండింతలు ఉరుకుతదనుకుంటరు. ఉరకదు. కొన్ని ఆటలు రెండోదాన్ని గుర్తు గూడ పట్టయి. కరెంటు గుంజుతది, వేడెక్కుతది. అసలే మీ దిక్కు వోల్టేజీ సక్కగుండదు."

పాఠం అప్పజెప్పినట్టు చెబుతున్నాడు. చూపు మాత్రం డబ్బాల మీద నుంచి లేవలేదు.

"ఎవరాడుతరు కాకా, కొడుకా?" అని సేటు మాట కలిపాడు.

"ఆ."

"తోలుకరాకపోయినవా? అన్నీ వాడే సూసుకుంటుండె."

"నేను పిలిస్తే రాడు."

"గీ కాలం పోరగాండ్లంతా గంతే." సేటు నవ్వాడు. "ఇంట్ల ఇంతకుముందు కంప్యూటర్ ఉండెనా?"

"ఉండె. పగిలింది."

"కింద పడ్డదా?"

"పడలే. నేనే పడేసిన. మిద్దె మీదికెల్లి."

సేటు నవ్వు సగంలో ఆగిపోయింది. యాదగిరి డబ్బా మూత మూసి, మళ్లీ తెరిచాడు.

"ఫ్యాక్టరీల నౌకరి మాట్లాడి పెట్టిన," అన్నాడు నాగయ్య. ఎవరూ అడగకుండానే చెబుతున్నాడు. "ఇంటర్వ్యూకు పోవాల్సిన దినం పొద్దున గూడ ఆట ముంగటనే కూసున్నడు. కోపమొచ్చింది. వాడు ఒక్కొక్క సామాను ఏరుకొచ్చి తన చేతులతోని చేసుకున్నదది. తెలిసి గూడ పడేసిన. తప్పు నాదే. గా మాట చెప్దమంటే గిన్ని దినాలు నోరు రాలే."

సేటు ఆర్డరు పుస్తకంలో కాగితాలు తిప్పాడు.

ముందుగా తేరుకున్నది యాదగిరే. "ఎక్కడ పెడతరు?"

"మీద, రేకుల గదిల."

"ఆ గదిల రెండు కార్డులు మే నెల దాటయి. ఒకటే తీసుకోండి. అరగంటల బిగించిస్త. బస్సుల పట్టుకపోవచ్చు."

అరగంట. నాగయ్య ఆ మాట దగ్గరే ఆగిపోయాడు. అరగంటలో అట్టపెట్టె చేతిలో పెట్టి పంపించేస్తారు. తర్వాత ఈ దుకాణంతో తనకేం పని ఉంటుంది?

"రెండు తీసుకుంటే?"

ఈసారి జవాబు సేటు చెప్పాడు. "రెండు కార్డులదైతే గట్ల చేతికియ్యం కాకా. మా మనిషి ఇంటికొచ్చి, కరెంటు సూసి, అక్కడనే బిగిస్తడు. ఆటలన్నీ ఆడించి సూడాలె. ఒక పూట పడతది. మళ్ల నెలకొకసారి వచ్చి దుమ్ము దులిపిపోతడు."

"ఎవరొస్తరు?"

"ఇగో, యాదగిరే. గా పని ఇంకెవ్వరికి రాదు."

"అయితే రెండే పెట్టు."

"దండుగ!" యాదగిరి గొంతు ఒక్కసారిగా పెరిగింది. "ఒకటి సరిపోతదని చెప్తున్న గద. ఎప్పుడన్న ఒకరి మాట వింటవా?"

"ఏందిరా అది? గిరాకితోని గట్లనేనా మాట్లాడేది?" సేటు కసిరాడు.

నాగయ్యకు కోపం రాలేదు. లోపలికి అడుగుపెట్టినప్పటి నుంచి బిగబట్టిన ఊపిరి అప్పుడు వదిలాడు.

"విన్న," అన్నాడు మెల్లగా. "అంతా విన్న. రెండే కావాలె."

సేటు ఆర్డరు పుస్తకాన్ని యాదగిరి ముందుకు తోశాడు. "కాకా పేరు, అడ్రసు రాసుకో. ఆదివారం పోయి బిగించి రా."

యాదగిరి తల ఎత్తలేదు, ఒక్క మాటా అడగలేదు. నాగయ్య, కర్దనూర్ అని రాసి, మూడేళ్ల కిందట తాను ఒక్క బట్టల సంచితో విడిచి వచ్చిన ఇంటి నంబరు దాని కింద వేశాడు.