ఐదో ఫ్రేమ్‌వర్క్

వెబ్ పేజీలు కట్టే పని యంత్రాలు పావుగంటలో చేసేస్తున్నాయి. ఏ ఫ్రేమ్‌వర్క్‌లో, అంటే ఏ రెడీమేడ్ కోడ్ చట్రంలో కట్టాలో తేల్చడమొక్కటే మనుషులకు మిగిలింది. మధురవాడలోని ఓ సాఫ్ట్‌వేర్ ఆఫీసులో అందుకు ఓ కమిటీ ఉంది. నీళ్ల ట్యాంకర్ల బుకింగ్ పేజీ కోసం ఆరు నెలలుగా నాలుగు ఫ్రేమ్‌వర్క్‌ల మీద కొట్టుకు చస్తోంది. అందులో ఉన్నందుకు హైమావతికి తన మీద తనకే ఒళ్లు మండుతోంది.

ట్యాంకర్ల సంఘం నుంచి కోటయ్య వచ్చాడు. నాలుగింటిలోనూ యంత్రం కట్టిన పేజీలను ఆమె అతనికి చూపించింది.

"నాలుగూ ఒకలాగే ఉన్నాయి గదమ్మా," అన్నాడు.

పాపం, అమాయకుడన్నట్టు కమిటీ అంతా నవ్వింది.

"మరి ఇన్నాళ్లూ బుకింగులు ఎలా చేస్తున్నారు?" అన్నాడు కమిటీ పెద్ద.

"గోడ మీద సుద్దతో రాసుకుంటన్నామండి. ఒక్క ట్యాంకరూ తప్పలేదు."

పెద్దాయన నవ్వు ఆపేశాడు.

"హైమావతిగారూ, గోడని కూడా జాబితాలో చేర్చండి. పోల్చి చూడాలి."