గోపురం కింద దాహం

వర్జీనియాలో, అమెరికా అంతర్యుద్ధం తమ ఊరి పొలాలను తొక్కుకుంటూ పోయిన నాలుగో రాత్రి, పాస్టరు ఆంబ్రోస్ టటిల్ తాను కళ్ళారా చూసిన పోరు గురించి పత్రికకు రాశాడు. చూసింది చర్చి గంటగోపురంలో దాక్కుని. కింద దెబ్బతిన్న సైనికులు దాహం, దాహం అని ఏడుస్తుంటే చెవులు మూసుకున్నాడు. కాగితం మీద మాత్రం "ఒక్కొక్కరి నోట్లో నేనే నీళ్ళు పోశాను" అని పెట్టాడు.

భార్య లవీనియా అది చదివి కళ్ళు ఒత్తుకుంది. "ఎంత గుండె ధైర్యమండీ మీది!"

అతను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

వాకిట్లో బూట్ల చప్పుడైంది. చాలా బూట్లు, వరుసగా వచ్చి ఆగాయి.

"పాస్టరు గారూ, నీళ్ళు మా దాకా రాలేదండీ."

గోపురం కింద నుంచి, చెవులు మూసుకున్నా రాత్రంతా వినిపించిన గొంతది. ఆ మనిషిని నిన్ననే దగ్గరుండి పాతిపెట్టించాడు.

లవీనియా రేకు మగ్గు నింపి అతని చేతికిచ్చింది.

"వెళ్ళి పొయ్యండి, పాపం. మీకు అలవాటైన పనేగా."