జెండా వెనక నడవని మనిషి

యాత్రాసంస్థ గుమాస్తా దరఖాస్తు కాగితాన్ని ఆమె ముందు కాక, ఆమె అన్నగారి ముందు పెట్టాడు.

“వివరాలు రాయండి సార్. వెళ్లేది మేడమ్ ఒక్కరేనా?”

“ప్రయాణం నాది. కలం ఇటివ్వండి,” అన్నదామె.

కలం తీసుకుని, కాగితం మీద అడ్డంగా ఒక గీత గీసి, తిరిగి ఇచ్చేసింది.

ముప్ఫై ఒక్క ఏళ్లుగా ముద్రణాలయంలో ప్రూఫులు దిద్దుతున్న మనిషి. అక్కర్లేనిదాన్ని కొట్టివేయడానికి ఆమె చెయ్యి వణకదు. ఇతరులు రాసిన యాత్రాగ్రంథాలు పదకొండింటిని అచ్చుకు ముందు దిద్దింది. తాను మాత్రం ఏ ఊరికీ ఒంటరిగా వెళ్లలేదు.

మెట్లు దిగేదాకా కూడా అన్నగారు ఆగలేకపోయాడు.

“నీకేమైనా మతిపోయిందా? హాయిగా వాళ్ల గైడు పట్టుకునే జెండా వెనక నడిస్తే పోయేదానికి! వీధి మలుపు తిరిగితే నీకు దిక్కులు తెలియవు.”

“ఆ మలుపు నన్నెప్పుడు తిరగనిచ్చారు గనక?”

“సరే, వెళ్లు. ఎవరి సాయమూ లేకుండా వెళ్లొస్తే ఇక నోరెత్తను. ఎక్కడైనా ఎవరిమీదైనా ఆధారపడ్డావో, వచ్చే ఏడాది నుంచి నేను చెప్పిన టూరే.”

“ఆ మాట మీద నిలబడు అన్నయ్యా.”

అతని అనుమతి ఆమెకు అవసరం లేదు. అతని ఓటమి అవసరం.

రెండు వారాలు కూర్చుని నాలుగు కాగితాల నిండా కొండమీది కోటకు వెళ్లే ప్రణాళిక రాసుకుంది. రైలు ఏ స్టేషనులో ఎన్ని నిమిషాలు ఆగుతుందో కూడా అందులో ఉంది.

రైల్లో ఎదుటి సీటులో అరవైకి దగ్గరపడిన ఒకావిడ కూర్చుంది. ఎండకు కమిలిన ముఖం, మడమ దగ్గర అరిగిపోయిన బూట్లు, ఒళ్లో ఆ యాత్రాసంస్థ ముద్ర ఉన్న ఆకుపచ్చ టోపీ.

“ఒక్కరే వెళ్తున్నారాండీ?”

“అవును.”

“భయం వెయ్యలేదూ?”

“వేస్తే టూరులో వెళ్లేదాన్ని.”

“టూరులో వెళ్లేవాళ్లంతా పిరికివాళ్లంటారా?”

“పిరికివాళ్లు కారు, సోమరులు. ఎవరో నమిలి పెట్టిన ముద్ద మింగుతారు.”

“మరి, నమిలి పెట్టేవాళ్లో?”

“వాళ్లకు దవడనొప్పే మిగులుతుంది. కడుపు నిండదు.”

కళ్లలో నీళ్లు తిరిగేంతగా నవ్వింది ఆవిడ. అంత నవ్వడానికి అందులో ఏముందో ఆమెకు అర్థం కాలేదు.

ఆవిడ కళ్లు తుడుచుకుని, కాగితాలవైపు తొంగిచూసింది.

“ఇంత రాసుకున్నారు కదా, మధ్యలో మనసు మారితే ఏం చేస్తారండీ?”

“మార్చుకుంటాను. నన్నడిగేదెవరు?”

“అవునవును. వెనక ఎవరూ ఉండరు కదూ!” ఆ ఆలోచన ఇప్పుడే తట్టినట్టు ఆవిడ తల ఊపింది. అంతలోనే, “కోటకు తూర్పు ద్వారం నుంచి ఎక్కకండి. మెట్లు నిటారుగా ఉంటాయి, పట్టుకోవడానికేమీ ఉండదు. ఉత్తరం వైపు నుంచైతే...”

“నేనడిగానా?”

“లేదండీ. నోటి అలవాటు.”

“అడగనిది చెప్పడాన్నే టూరు అంటారు.”

రెండు స్టేషన్లు దాటాయి.

“ఈ ఒక్కపూట మీ వెంట రానిస్తారా? పెదవి విప్పను. మీరెటు తిరిగితే అటే.”

తోడంటే సాయం. సాయమంటే ఓటమి. ఆమె లెక్కలో సందిగ్ధం లేదు.

“తోడు కావలసినవాళ్ల కోసమే జెండాలున్నాయి. వాటి వెనక నడవండి.”

“వెనకా!” అంది ఆవిడ, తనలో తాను అనుకున్నట్టు.

రైలు ఆగకూడని చోట, ఏదో చిన్న స్టేషనులో ఆగింది. ఆవిడ చటుక్కున లేచి సంచి భుజాన వేసుకుంది.

“మీరు దిగాల్సింది ఇక్కడేనా?”

“కాదండీ. మనసు మారింది.”

“మీ టోపీ!”

“నాది కాదు, వాళ్లది,” అంటూ వెనక్కి చూడకుండా దిగిపోయింది.

ఆమె టోపీ తీసి సంచిలో వేసుకుంది; అది ఏ స్టేషనో తలెత్తి చూడలేదు.

కోటకు తూర్పు ద్వారం నుంచే ఎక్కింది. వద్దన్నందుకే ఎక్కింది. గోడకు అరచేతులు ఆనించి, మూడుచోట్ల కూలబడి, ఎవరో చాపిన చెయ్యిని కాదని, పైకి చేరింది. అన్నయ్య ఓడిపోయాడు.

పైన ఆకుపచ్చ టోపీ పెట్టుకున్న ఒక అమ్మాయి తన గుంపులోని తలలు లెక్కపెడుతోంది.

“మీ సంస్థదే. రైల్లో ఒకావిడ వదిలేసి వెళ్లింది,” అంటూ ఆమె టోపీ అందించింది.

ఆ అమ్మాయి టోపీ లోపలి అంచుకు ఎర్రదారంతో కుట్టిన గుర్తు చూసింది. లెక్క ముప్ఫై దగ్గర ఆగిపోయింది.

“పెద్దక్కది! ఎక్కడ దిగారు మేడమ్?”

ఆమె నాలుగు కాగితాలూ తిరగేసింది. ఆ స్టేషను పేరు వాటిలో లేదు.

“చూడలేదు.”

“పక్కన ఎవరైనా ఉన్నారా?”

“నన్ను తోడు అడిగింది. రావద్దన్నాను.”

ఆ అమ్మాయి ఎర్రదారం మీద వేలు రాసింది. అది చూడటం ఆమెకు కష్టమనిపించింది. బింకంగా తల ఎత్తింది.

“ఎప్పుడూ ఎవరో ఒకరి వెంట టూర్లలో తిరిగిన మనిషి కాబోలు. ఒక్కరోజు ఒంటరిగా ఉంటే ఏం పోతుంది?”

“తిరిగిన మనిషా! ఇరవైమూడేళ్లు అందరినీ తిప్పిన మా గైడు మేడమ్ ఆవిడ. ఒక్కదాన్నే వెళ్లడం మాత్రం ఇంతవరకూ చేతకాలేదని, ఒంటరిగా తిరిగే ఆడమనిషి ఎవరైనా కనబడితే పక్కన కూర్చుని నేర్చుకుంటానని, ఈ పొద్దున్నే ఉద్యోగం మానేసి బయల్దేరారు.”